రెండవ తెర వెలుగనప్పుడు



సమాజ సభలయందు సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు ప్రసంగములు జరుగుట పరిపాటి. ఈ సాయంకాలపు విషయము వానికి కొంత దూరమైనది. లినక్స్‌తో నడచు ల్యాప్‌టాప్‌నకు వెలుపలి మానిటరును తగిలించినప్పుడు ఆ మానిటరు నల్లగానే నిలిచిపోయినచో లోపమెచ్చటనున్నదో కనుగొనుట యెట్లు? ఇంత చిన్న సంగతికి ఒక సభ యేల యని కొందరికి తోచవచ్చును. లోపము చిన్నదే, కాని దానికి సామాన్యముగా చేయబడు వైద్యము పెద్దది. తీగ కొందురు, తెర మార్తురు, తుదకు యంత్రములోనున్న సమస్తమును తుడిచివేసి వేరొక వ్యవస్థను ఎక్కింతురు. ఎలుక మీద కోపముతో ఇల్లు తగులబెట్టుకొనుట యన్నది ఇదియే. తగులబడిన యింటిలో ఏమున్నదో తరువాత గాని జ్ఞప్తికి రాదు.

దృష్టాంతముగా బిలాస్‌పూరులోని ఒక తెలుగు గృహమును ఊహించుకొనుడు. అందలి వ్యక్తులు కల్పితులే గాని, వారికి వచ్చిన చిక్కు మాత్రము అనేక గృహములలో వచ్చునదియే.

బిలాస్‌పూరు రైలువలన పెరిగిన పట్టణము. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వేవారి ప్రధానమార్గము నాగపూరునుండి అసన్సోలు వరకు పూర్తియైనది మొదలు ఆ యూరి బ్రతుకు బండివేళలతో ముడిపడినది. 1931లో రాయపూరు - విజయనగరము మార్గము పూర్తి కాగా పార్వతీపురము, బొబ్బిలి ప్రాంతములనుండి ఛత్తీస్‌గఢ్ సీమకు దారి సులభమైనది. 2003 ఏప్రిల్ నుండి బిలాస్‌పూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. రైల్వే క్వార్టర్ల వరుసలలో ఉదయమున ముగ్గులు కనబడిన గుమ్మమును జూచి ఇది మనవారి యిల్లని గుర్తుపట్టవచ్చును. ఆ యిండ్లలోని పిల్లలు తెలుగు మాటలాడుదురు. చదువుట మాత్రము హిందీ, ఇంగ్లీషులే. తెలుగు వ్రాయగలవారు పెద్దలు.

అట్టి పెద్దలలో ఒకరు, పదవీవిరమణ చేసిన స్టేషను మాస్టరు. పార్వతీపురము వైపునుండి తన తాతగారు గ్యాంగు పనికై వచ్చిన నాటినుండి కుటుంబచరిత్రను ఆయన తెలుగున వ్రాసికొనుచున్నాడు. ఎవరు ఎవరి బిడ్డలు, ఏ ఊరినుండి ఏ ఊరికి పిల్లనిచ్చిరి, ఏ క్వార్టరులో ఎవరు పుట్టిరి అన్న సంగతులవి. తెలిసినవారిలో మిగిలినది ఆయన యొక్కడే. మనుమరాలు ఇంజనీరింగు చదువుకై వెళ్లుచు తన పాత ల్యాప్‌టాప్‌ను తాతగారికి విడిచినది. అందు ఉబుంటు అను లినక్స్ వ్యవస్థ గలదు. రెండేండ్లలో నలువది పుటలు సాగినవి. ఇంతలో కండ్లకు శుక్లములు వచ్చినవి. శస్త్రచికిత్స జరిగినను, పదునాలుగంగుళాల తెరమీద క్రిందివత్తులు కనబడుట లేదు. కావున వ్యాపార్ విహార్‌లోని ఒక దుకాణమునుండి ఇరువది నాలుగంగుళాల మానిటరు తెప్పించి, తీగ తగిలించిరి. మానిటరు ఒక క్షణము వెలిగి, సిగ్నలు లేదని చెప్పి, నిద్రపోయినది.

ప్రక్కయింటి యువకుడు వచ్చి చూచెను. “మాస్టారూ, ఇదంతా లినక్స్ తోనే వచ్చిన చిక్కండీ. రేపు వచ్చి తీసిపారేసి విండోస్ వేసేస్తాను” అనెను. అతని యుద్దేశము మంచిదే. నలువది పుటలు ఆ యంత్రములో తప్ప మరియెచ్చటను లేవని అతడెరుగడు. ఆ పని చేసినచో అవి పోవునని మాస్టారెరుగడు.

రాత్రి మనుమరాలికి ఫోను చేయగా ఆమె మొట్టమొదట పలికిన మాట మానిటరును గూర్చినది కాదు. “తాతయ్యా, ముందు నీ ఫైలు పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకో. తర్వాతే మిగతావన్నీ” అన్నది. ఈ యొక్క మాటకే ఆ పిల్లను మెచ్చుకొనవలెను. మరమ్మతు చేయుటకు ముందు విలువైన దానిని ప్రక్కకు తీసియుంచుట ఇల్లు సున్నము వేయించునప్పుడు అందరును చేయు పనియే. యంత్రముల విషయమున మాత్రము మరచుచుందురు.

ఇప్పుడు తెరయు యంత్రమును తమలో నేమి మాటలాడుకొనునో తెలియవలెను. రైల్వేవారికి ఇది సులభముగా బోధపడును. ఒంటి లైనుమీద ఒక స్టేషనునుండి బండిని వదలవలెనన్న, ఎదుటి స్టేషను “లైన్ క్లియర్” ఇయ్యవలెను. నీల్స్ టోకెను యంత్రమునుండి ఇనుపబంతి వెలికి వచ్చుటకు ఎదుటి స్టేషనువారి సహకారము కావలెను. బంతి చేతికి రానిదే డ్రైవరు బండిని కదల్పడు. పట్టాలు సరిగా నున్నవి, ఇంజనులో శక్తి యున్నది, సిగ్నలు స్తంభము నిలిచియున్నది. అయినను బండి కదలదు.

మానిటరు తీగయు అట్టిదే. హెచ్.డి.ఎమ్.ఐ. అను పందొమ్మిది పిన్నుల తీగలో చిత్రము మోయునవి కొన్ని మాత్రమే. ఒక పిన్ను ద్వారా ల్యాప్‌టాప్ అయిదు వోల్టుల విద్యుత్తును పంపును. మానిటరు మరియొక పిన్ను ద్వారా “ఇచ్చట నున్నాను” అని సూచన నిచ్చును. అంతట ల్యాప్‌టాప్ వేరొక రెండు పిన్నులమీద “నీవెవరు? ఏ పరిమాణపు చిత్రము చూపగలవు?” అని యడుగును. మానిటరు తన జ్ఞాపకములోనున్న నూట ఇరువది ఎనిమిది బైట్ల పరిచయపత్రమును చదివి వినిపించును. తయారుచేసిన వారెవరు, ఏ సంవత్సరము, వెడల్పెంత, ఏ కొలతలు చూపగలదు అన్నవి అందుండును. ఈ పత్రమునకు ఇ.డి.ఐ.డి. అని పేరు, 1994 నుండి వాడుకలోనున్నది. దాని చివరి బైటు లెక్క సరిచూచుటకే. అన్నియు కూడగా వచ్చు మొత్తము రెండువందల ఏబదియారుచే నిశ్శేషముగా భాగింపబడవలెను. భాగింపబడకున్నచో దారిలో నెచ్చటనో అక్షరము చెడినదన్నమాట. ఈ పరిచయము ముగిసిన పిదపనే చిత్రము బయలుదేరును.

కావున లోపమును వెదకుట యనగా ఈ సంభాషణ ఏ స్టేషనువద్ద ఆగిపోయినదో విచారించుట. ఒకచోట విచారణ ముగియనిదే రెండవచోటికి పోరాదు.

మొదటి స్టేషను మానిటరు. దానికి వెనుక రెండుమూడు ద్వారములుండును. ఏ ద్వారమువైపు చూచుచున్నదో దాని మీటతోనే నిర్ణయింపవలెను. తీగ ఒక ద్వారమున, చూపు మరియొక ద్వారమున నుండుట మిక్కిలి తరచుగా జరుగు పొరపాటు. మాస్టారింట టీవీ సెట్‌టాప్ పెట్టె కలదు. మనుమరాలు దాని తీగను తీసి కాదు, ల్యాప్‌టాప్‌నకు వాడిన అదే తీగతో ఆ పెట్టెను మానిటరునకు తగిలింపుమనెను. చిత్రము చక్కగా వచ్చినది. ఒక్క పరీక్షతో తీగయు, తెరయు, ద్వారమును నిర్దోషులని తేలినది. దుకాణదారునితో వాదులాట తప్పినది.

ఇచ్చట ఒక మాట. ఈనాటి ల్యాప్‌టాప్‌లకు టైప్-సి అను చిన్న ద్వారముండును. ఆకారమొక్కటే యైనను అన్ని టైప్-సి ద్వారములును చిత్రమును పంపలేవు; కొన్ని విద్యుత్తునకును, ఫైళ్ల రాకపోకలకును మాత్రమే. అట్లే హెచ్.డి.ఎమ్.ఐ. నుండి పాత వి.జి.ఏ. తెరకు మార్చు అడాప్టరు ఒకవైపునకే పనిచేయును. తిరుగవేసి తగిలించినచో ఎంత కాలము వేచినను చిత్రము రాదు. కొనుటకు ముందే ఈ రెండును అడిగి తెలిసికొనవలెను.

రెండవ స్టేషను ల్యాప్‌టాప్. లినక్స్ నందు మెచ్చదగినదేమనగా, తన కెరుకలోనున్న సంగతిని అడిగినవారికి దాచదు. వ్యవస్థకు మూలమైన కెర్నెలు తనకు తెలిసిన చిత్రద్వారముల పేర్లను ఒక పట్టికగా నుంచును. టెర్మినల్ తెరచి ‘సిస్’ అను డైరెక్టరీలో ‘క్లాస్’, దానిలో ‘డి.ఆర్.ఎమ్.’ అను చోట చూచినచో అవి కనబడును. ప్రతి ద్వారమునకును ‘స్టేటస్’ అను చిన్న ఫైలు గలదు. కనెక్టెడ్ అనియో, డిస్‌కనెక్టెడ్ అనియో అందుండును.

ఈ పట్టికను చదువుటలో ఒక సూక్ష్మమున్నది. దానిని గమనింపకయే అనేకులు దారి తప్పుదురు. ద్వారము పేరు కనబడి, డిస్‌కనెక్టెడ్ అని యున్నచో, స్టేషను కలదు గాని ఎదుటివారి సూచన చేరలేదు. అప్పుడు తీగను, అడాప్టరును అనుమానింపవలెను. ద్వారము పేరే పట్టికలో లేకున్నచో సంగతి వేరు. అప్పుడు స్టేషనులో మనిషియే లేడు. ఎన్ని తీగలు మార్చినను పిలుపు నందుకొనువారు లేరు. మాస్టారు కన్నడ్డము పెట్టుకొని ఒక్కొక్క అక్షరమే ఫోనులో చదివెను. ల్యాప్‌టాప్ స్వంత తెరకు చెందిన పేరొక్కటి మాత్రము కలదు. హెచ్.డి.ఎమ్.ఐ. అను పేరు లేదు. (కొన్ని యంత్రములలో బయటికి ద్వారమే లేని పేర్లు కూడ కనబడును, వానిని జూచి కంగారుపడనక్కరలేదు.)

దీనికి కారణము ఆ ల్యాప్‌టాప్ నిర్మాణములో నున్నది. అందు చిత్రములు గీయు చిప్పులు రెండు. ఒకటి ఇంటెల్ వారిది. స్వంత తెరను నడపును. రెండవది ఎన్‌విడియా వారిది, బరువు పనులకు. ఇట్టి యంత్రములలో కొన్నింట హెచ్.డి.ఎమ్.ఐ. ద్వారము రెండవ చిప్పునకే అతుకబడి యుండును. ఆ చిప్పు మేల్కొననిచో స్వంత తెర దివ్యముగా వెలుగుచునేయుండును. వెలుపలి తెర మాత్రము శూన్యము. తెర వెలుగుచున్నది గదా, చిత్రయంత్రాంగము బాగుగనే యున్నదని యజమాని భ్రమపడును.

మనుమరాలు మరియొక ఆజ్ఞను అక్షరములుగా చెప్పి వ్రాయించినది: ఎల్, ఎస్, పి, సి, ఐ, ఒక ఖాళీ, ఒక అడ్డుగీత, కె. యంత్రములోని భాగములను, వానిని నడపు డ్రైవర్లను ఇది చూపును. ఇంటెల్ చిప్పు క్రింద వాడుకలోనున్న డ్రైవరు పేరు కలదు. ఎన్‌విడియా చిప్పు క్రింద నియమింపదగిన డ్రైవర్ల పేర్లు రెండుమూడున్నవి. వాడుకలోనున్న డ్రైవరు అన్న పంక్తియే లేదు.

“ఇంజను ఉంది, డ్యూటీలో డ్రైవరు లేడు. అంతేనా తల్లీ?” అని మాస్టారు.

“అంతే తాతయ్యా!”

డ్రైవరు ఏల రాలేదు? సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడు ఇదే ద్వారమునుండి టీవీకి సినిమా చూపినది. అప్పుడు నూవో అను స్వేచ్ఛా డ్రైవరు పనిచేయుచుండెను. వెళ్లునాడు తన చదువు పనికై ఎన్‌విడియా వారి స్వంత డ్రైవరును ఎక్కించి, యంత్రమును మరల ప్రారంభింపకయే రైలుకు పరుగెత్తినది. క్రొత్త డ్రైవరు వచ్చునప్పుడు పాత డ్రైవరును పనిలోనికి రాకుండ నిషేధించును; రెండును ఒక చిప్పుమీద కూర్చుండలేవు. పాతవాడు దిగెను, క్రొత్తవాడు ఎక్కలేదు.

ఎక్కకుండుటకు కారణము సెక్యూర్ బూట్ అను కాపలా. యంత్రము ఆరంభమగునప్పుడు నమ్మదగిన ముద్ర గల ప్రోగ్రాములను మాత్రమే లోనికి రానిచ్చునట్టి ఏర్పాటది. ఇంటివద్ద తయారైన డ్రైవరునకు ఇంటివద్ద తయారైన ముద్రయే యుండును. ఆ ముద్రను యజమాని స్వయముగా, యంత్రము ఎదుట కూర్చుండి, అంగీకరింపవలెను. అందుకై మరుసటి ప్రారంభమున ఒక నీలపు తెర వచ్చి, ఏదేని మీట నొక్కుడని కోరి, పది సెకనులు వేచియుండును. నొక్కకున్నచో అంగీకారము లేదని యెంచి ముందుకు సాగిపోవును, మరల అడుగదు. డ్రైవరును బలవంతముగా పిలిచినప్పుడు మాత్రము, తాళపుచెవి తిరస్కరింపబడినదని ఒక ఇంగ్లీషు వాక్యము వచ్చును.

“తాతయ్యా, నేను వెళ్లిన మర్నాడు నీలంరంగు తెర ఏమైనా వచ్చిందా?”

“వచ్చిందమ్మా. ఏదో మీట నొక్కమంది. నాది కాని లివరు నేనెందుకు ముట్టుకుంటాను?”

ముప్పదియైదేండ్లు స్టేషనులో పనిచేసినవాని జవాబది. అందు తప్పు పట్టుటకు వీలులేదు. అజ్ఞాత హస్తములు అజాగ్రత్తగా మీటలు నొక్కకుండుటకే ఆ నీలపు తెర పుట్టినది. దోషమెవరిదైన నున్నచో అది ముందుగా చెప్పి పోని పిల్లది. ఆమెయు ఆ మాట వెంటనే ఒప్పుకొన్నది.

పరిహారము పది నిమిషముల పని. మోక్‌యుటిల్ అను ఆజ్ఞతో ముద్రను మరల అంగీకారమునకు పెట్టవలెను. అప్పుడది ఒక రహస్యపదము నడుగును. అది ఒక్కసారికి మాత్రమే పనికివచ్చునది. మాస్టారునకు దీనిని వివరింప నక్కరలేకపోయినది. స్టేషను మాస్టరునకును, గేటు మనిషికిని నడుమ ప్రైవేటు నంబర్లు మారుట ఆయన దినచర్య. ఒకసారి ఇచ్చి వ్రాసికొన్న నంబరును కొట్టివేసి, దానిని మరల వాడరు. పిదప యంత్రమును మరల ప్రారంభించిరి. నీలపు తెర వచ్చినది. ఈ మారు మాస్టారు మీట నొక్కెను. ఎన్‌రోల్ మోక్ అన్న పంక్తిని, ఆ పిదప కంటిన్యూ, యస్ అన్నవానిని ఎన్నుకొని, రహస్యపదమును తడబడక టైపుచేసి, రీబూట్ అన్నదానిని నొక్కెను. సెక్యూర్ బూట్‌ను పూర్తిగా కట్టివేసినను డ్రైవరు ఎక్కును. పలువురు ఆ సలహాయే యిత్తురు. కాపలావానికి మనిషిని పరిచయము చేయుట యొక పద్ధతి, కాపలావానిని పంపివేయుట యొక పద్ధతి. మొదటిది చేతనైనప్పుడు రెండవది యెందులకు?

మానిటరు వెలిగినది.

అయితే, వెలిగిన వెంటనే మాస్టారు చేసిన పనివలన క్రొత్త చిక్కు వచ్చినది. అక్షరములు పెద్దవగుటకై ఆయన సెట్టింగులలో తెర కొలతను తగ్గించెను. ఆ మానిటరు పంతొమ్మిది వందల ఇరువది చుక్కల వెడల్పు, వేయి ఎనుబది చుక్కల ఎత్తు గలది. అంతకు తక్కువ కొలతలో పంపిన చిత్రమును అది లాగి పరచును. ఇంగ్లీషు అక్షరములు కొంత మసకబారినను చదువనగును; తెలుగు లిపికి ఆ మన్నన లేదు. తలకట్టు, గుడి, సుడి కలిసిపోవును. ‘ష్ట’ క్రింది వత్తేదో, ‘ష్ణ’ క్రింది వత్తేదో తెలియరాదు. కావలసినది కొలత తగ్గించుట కాదు. కొలతను పూర్తిగా నుంచి, స్కేలు అను చోట నూట ఇరువది యైదు శాతమో, నూట ఏబదియో పెట్టవలెను; లేక అక్షరముల పరిమాణమును మాత్రమే పెంచవలెను. అప్పుడు ప్రతి వత్తునకును అధికముగా చుక్కలు లభించి, గీత స్పష్టముగా వచ్చును. చత్వారము వచ్చిన తెలుగు చదువరులందరును ఈ సంగతి తెలిసికొనదగినది.

ఎవరును తగ్గింపకయే మసక చిత్రము వచ్చినచో, ఎన్నుకొనుటకు చిన్న కొలతలు తప్ప కనబడనిచో, పరిచయపత్రము చేరలేదని గ్రహింపవలెను. చౌక అడాప్టర్లలో ఇది సామాన్యము. అప్పుడు యంత్రము తెర శక్తిని ఎరుగక, ఎవరికైనను సరిపోవునట్టి వేయి ఇరువది నాలుగు, ఏడువందల అరువది యెనిమిది చుక్కల కొలతను ఊహించి పంపును. అడాప్టరు మార్చుట మేలైన మార్గము. ఎక్స్‌ర్యాండర్ అను ఆజ్ఞతో కొలతను చేతితో చెప్పవచ్చునని పాత వ్రాతలలో కానవచ్చును. అది ఎక్స్ అను పాత చిత్రవ్యవస్థలో చెల్లును. క్రొత్త లినక్స్‌లలో సామాన్యముగా వేలాండ్ అను వ్యవస్థ నడచుచున్నది. అందు ఆ యాజ్ఞ పని జరిగించలేదు. డెస్క్‌టాప్ సెట్టింగులనే ఆశ్రయింపవలెను.

నిన్నటివరకు పనిచేసి నవీకరణము జరిగిన పిదప నేడు ఆగిపోయిన తెరల విషయమున మరియొక సులభపరీక్ష కలదు. ప్రారంభమున వచ్చు గ్రబ్ పట్టికలో పాత కెర్నెలు సామాన్యముగా నిలిచియేయుండును. దానిని ఎన్నుకొని చూచినచో ఏ ఫైలునకును హాని లేదు. పాతదానితో తెర వెలిగినచో, క్రొత్త కెర్నెలునకు డ్రైవరు సిద్ధము కాలేదని తేలును.

ఇంతయు వినిన పిదప, ఇన్ని ప్రశ్నలు అడుగవలసిన వ్యవస్థ మనకేల యని అడుగువారుందురు. ఆ యభ్యంతరము న్యాయమైనదే. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ కెర్నెలునకు చాల కాలము చిత్రపు చిప్పుల విషయమున కష్టములే. ఎన్‌విడియా వారి డ్రైవరు మూలము మూసియుండుటకు విసిగి 2012లో ఆయనయే నిండుసభలో ఆ సంస్థను పరుషముగా దూరెను. 2022 మే నెలలో ఆ సంస్థ కెర్నెలులో పనిచేయు భాగమును తెరచి చూపినది. ఇటు మన దేశమున సి-డాక్ వారు బాస్ అను లినక్స్‌ను తెచ్చిరి. 2015లో కేంద్ర ప్రభుత్వము తన కార్యాలయములకై ఓపెన్ సోర్స్ విధానమును ప్రకటించినది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగున వ్యవస్థను తెచ్చుటకు పాటుపడిరి. కార్యాలయములో ఇట్టి యంత్రము తటస్థించు ఉద్యోగులు ఇకముందు తగ్గరు.

మాస్టారింట ఆ రాత్రి పదిగంటలైనది. స్కేలు సవరించిన పిదప ఆయన తన వ్రాతను మొదటి పుటనుండి చదువ నారంభించెను. మూడవ పుటలో ఆగెను. కన్నతల్లి పేరులో ఒక వత్తు లేదు. రెండేండ్లుగా చిన్న తెరమీద అది కానరానేలేదు. ప్రక్కయింటి యువకుడు మరునాడు చేత సి.డి. పట్టుకొని వచ్చుసరికి మాస్టారు ఏడవ పుటలో నుండెను. వచ్చినవానిని కూర్చుండుమని కుర్చీ చూపి, “ఒక్క వాక్యం ఆగు బాబూ” అనెను.